తిరిగొచ్చే దురాయి

"ఏముందమ్మా నీ దగ్గర, తిరిగొస్తావని నమ్మేదానికి?" అన్నాడు వినోద్.

నెల్లూరులో మూడో అంతస్తులో ఉంది వాడి కన్సల్టెన్సీ. గోడ నిండా విమానాల బొమ్మలు, వీసా కాగితం పట్టుకుని పళ్లికిలించే పిల్లల ఫొటోలు. దుర్గ ఫైల్లోంచి ఒక్కో కాగితం తీసి, చేపలో ముల్లు ఏరినట్టు ఏరి పక్కన పెడుతున్నాడు. చేపల చదువులో డిగ్రీ. టాస్మేనియాలో చేపల జబ్బుల మీద పై చదువుకి సీటు. ఫీజూ తిండీ వాళ్లే చూసుకుంటామని రాసిన ఉత్తరం.

"ఇవన్నీ నువ్వు పోయేదానికి కారణాలు. వచ్చేదానికి ఒక్కటి చూపించు. పొలముందా?"

"లేదు."

"ఇల్లు?"

"ఉంది. పట్టా లేదు. సముద్రం ఒడ్డు పోరంబోకు."

"పెళ్లి కుదిరిందా?"

"లేదు."

"మీ నాయనకి పడవుందన్నావే."

"ఉంది. ఇసకలో ఉంది."

ఇసకలో ఎందుకుందో వాడు అడగలేదు, దుర్గ చెప్పలేదు. వాడు కుర్చీ ముందుకు లాక్కుని గొంతు తగ్గించాడు. "మనుబోల్లో మూడెకరాలు నీ పేరున చూపిద్దాం. నా దగ్గర మనిషున్నాడు. ఆఫీసరు వచ్చి గట్టు మీద నిలబడి చూస్తాడా ఏంది?"

"వద్దు."

"అందరూ చేసేదే."

"అందరికీ నా మాదిరి శత్రువులు ఉండరన్నా. లేని పొలాన్ని చూపించి నేను విమానమెక్కితే, ఎక్కిన మర్నాడే ఒకడు ఉత్తరం రాస్తాడు. రాసేది ఎవరో కూడా నాకు తెలుసు."

వినోద్ ఫైలు మూసి చేతిలో పెట్టాడు. "అయితే మీ ఊరోళ్ల దగ్గర రాయించుకురా. ఉత్త ఉత్తరం పనికి రాదు. పెద్దలు కూర్చుని పుస్తకంలో రాసింది కావాల, సీలు కావాల. చదువైనాక నువ్వొచ్చి ఊళ్లో ఏం పని చేస్తావో, ఊరు నీకేమిస్తాదో ఉండాల. అనుమానమొస్తే ఆఫీసరు ఫోన్ చేసి కనుక్కుంటాడు. ఎవరు ఎత్తినా ఒకే మాట చెప్పాల."

దుర్గకి నవ్వొచ్చింది. ఊరోళ్లంట.

విడవలూరులో బస్సు దిగి, పాలెం పోయే ఆటో ఎక్కింది. ఆటోలో అప్పటికే నలుగురు ఆడోళ్లు, ఖాళీ చేపల గంపలు. దుర్గ కూర్చోగానే నలుగురూ గంపలు ఎత్తుకుని దిగిపోయారు, వెనకొచ్చే ఆటో కోసం రోడ్డు మీద ఎండలో నిలబడ్డారు. ఒకప్పుడు వాళ్లలో ఇద్దర్ని పిన్నీ అని పిలిచేది. ఆటోవాడు అద్దంలో చూసి ఉస్సురన్నాడు. వాడిది వేరే ఊరు. పాలెం మాట వాడికి అంటదు.

ఆర్నెల్లయింది. ఉప్పుటేట్లోకి రొయ్యపిల్లల హేచరీ గొట్టం పెట్టి మురుగు వదిలింది. ఏట్లో పీతలు వెల్లకిలా తేలినాయి. దుర్గ ఆ నీళ్లు సీసాల్లో పట్టి, పరీక్ష చేయించి, కలెక్టరుకి అర్జీ పెట్టింది. ఊరి పెద్దల్ని కాపులంటారు, వాళ్ల మీద పెద్దకాపు గంగాధరం. ఆయన అల్లుడు ఆ హేచరీలోనే సూపర్‌వైజరు. వారం తిరక్కుండా దురాయి పడింది. దురాయి అంటే పెద్దకాపు చెప్పి, పుస్తకంలో రాసి, ఊళ్లో డప్పు కొట్టించిన మాట. కోర్టు కాగితానికైనా వాయిదా ఉంటుంది, దురాయికి ఉండదు. దుర్గ నాయన చెంచయ్య ఇంటితో మాట లేదు, మంట లేదు, వలలో చెయ్యి లేదు. పడవల్ని నీళ్లలోకి లాగే ట్రాక్టరు చెంచయ్య పడవ ముందు ఆగదు. నలుగురు భుజాలేస్తే గానీ కదలని పడవ. ఆ నలుగురూ రారు. ఆర్నెల్లుగా అది ఇసకలో కూరుకుపోయి ఉంది, కుక్కలు దాని నీడలో పడుకుంటున్నాయి.

దుర్గ ఇంటికొచ్చేసరికి నాయన వాకిట్లో వల అల్లుతున్నాడు. సముద్రానికి పోని మనిషి రోజుకి ఎనిమిది గంటలు వల అల్లుతాడు, అల్లింది విప్పి మళ్లీ అల్లుతాడు. అమ్మ కామాక్షమ్మ నెత్తళ్ల చేపలు ఎండేస్తోంది. పాలెంలో అమ్మరు కాబట్టి కావలి దాకా పోయి తెచ్చినవి.

"ఏమన్నాడు?" అంది అమ్మ.

"కాపు దగ్గర రాయించుకు రమ్మన్నాడు."

చెంచయ్య చేతిలో దారం కండె ఆగింది. "వాడి కాళ్లు పట్టుకుంటావా?"

"పట్టుకోను నాయనా."

"మరి?"

"అడుగుతా. అడిగితే వాడే ఇస్తాడు."

"ఎందుకిస్తాడు?"

దుర్గ నెత్తళ్లు తిరగెయ్యడానికి అమ్మ పక్కన కూర్చుంది. ఆటోలోంచి దిగిపోయిన గంపల్ని ఆమె ఇంకా మర్చిపోలేదు. దిగినోళ్ల మీద కాదు ఆమె కోపం. వాళ్లు దిగకపోతే రేపు వాళ్ల పడవలూ ఇసకలోనే. దించినవాడి మీద. వాణ్ని కొట్టాలని లేదు, తిట్టాలని లేదు. వాడి నోటితోనే వాణ్ని కట్టేయాల.

మర్నాడు పొద్దున గంగాధరం మిద్దె ముందు నిలబడింది. లోపలికి రమ్మనడు కాబట్టి గేటు బయటే. గంగాధరం అరుగు మీద కూర్చుని వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు. అరవై దాటిన మనిషి, ఇప్పటికీ మెడ ఎద్దు మెడ. ఎడం చెవి సరిగ్గా వినపడదు. చెప్పేది తనే కాబట్టి దానితో ఆయనకి పెద్ద పనేం పడలేదు.

"నేను పోతా మామా," అంది.

ఆయన పుల్ల తీసి ఉమ్మేశాడు. దురాయి పడ్డ ఇంటి పిల్లతో మాట్లాడకూడదు. కానీ ఆ మాట ఆయన్ని కదిలించింది.

"యాడికి?"

"ఆస్ట్రేలియాకి. రెండేళ్ల చదువు. సీటొచ్చింది. నేను తిరిగి ఊరికొస్తానని మీరు రాసిస్తేనే వీసా ఇస్తారంట."

గంగాధరం నవ్వాడు. ముందు మెల్లగా, తర్వాత పొట్ట కదిలేటట్టు. "తిరిగొస్తావని రాసియ్యాలా? పోయినోళ్లు ఎవరొచ్చినారమ్మే? అక్కడ కార్లూ, చల్ల గాలీ. నువ్వొస్తావా ఈ ఉప్పుగాలికి?"

దుర్గ మాట్లాడలేదు. తల వంచుకుని గేటు చువ్వకి పట్టిన తుప్పు గోటితో గీకుతూ నిలబడింది. ఆ నిలబడ్డంలో ఆయనకి ఏం కనిపించాలో అది కనిపించింది.

"ఆ అర్జీ?" అన్నాడు గంగాధరం, గొంతు మార్చి.

"నా పేరున ఉంది. నేను పోతే దాన్ని ఎవరు నడుపుతారు మామా?"

అది అబద్ధం కాదు, ప్రశ్న. ప్రశ్నకి జవాబు ఆయనే చెప్పుకున్నాడు. అల్లుడి ముఖం, హేచరీ మేనేజరు ముఖం, కలెక్టరాఫీసు నుంచి నెలకోసారి వచ్చే గుమాస్తా ముఖం అన్నీ ఒక్కసారి తేలికైపోయినట్టు, వేపపుల్ల విరిచి పారేశాడు.

"పోమ్మే. పోయి బాగుపడు. ఊరి పిల్ల బాగుపడితే నాకు కష్టమా? ఏం రాయాలో చెప్పు, రాసిస్తా."

"ఊరి నుంచి వెలేసిన ఇంటి పిల్ల ఊరికొస్తుందంటే ఆఫీసరు నమ్మడు మామా."

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. ఒక్క క్షణమే. "దాన్ని తీసేస్తే పోలా?"

ఆర్నెల్లు నాయన పడవని ఇసకలో పాతిపెట్టిన మాట, పళ్లు తోముకుంటూ తీసేశాడు. దుర్గ గోరు కింద తుప్పు గుచ్చుకుని రక్తం వచ్చింది. చెయ్యి వెనక్కి దాచుకుంది.

గురువారం సాయంత్రం గంగమ్మ గుడి ముందు రేకుల కొట్టంలో ఊరు కూడింది. ఇంటికొకరు రావాలని నియమం. చెంచయ్య ఆర్నెల్ల తర్వాత చాప మీద కూర్చున్నాడు, అంచున. పక్కవాడు మోకాలు తగలకుండా జరిగాడు, వెలి తీసేస్తున్నారని గుర్తొచ్చి మళ్లీ ముందున్న చోటికే వచ్చాడు. ఆడోళ్లు గుడి మెట్ల మీద. దుర్గ వాళ్లలో కూర్చుంది.

దురాయి పుస్తకం రాసేది హజరత్తయ్య. ఎర్ర అట్ట, చెమట మరకలు. నలభై ఏళ్లుగా ఆ పుస్తకం ఆయన చేతిలోనే ఉంది. వెలి తీసేసినట్టు ముందు రాశాడు. "దీనికి ఎవరన్నా అడ్డం చెప్తారా?" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. ఇంటికొక చెయ్యి లేచింది. దురాయి పెట్టేదానికి పెద్దకాపు మాట చాలు. తీసేదానికి మాత్రం ప్రతి ఇంటి చెయ్యీ లేవాల, ఒక్క ఇల్లు కిందుంచినా దురాయి ఉన్నట్టే. అది ఆ పాలెం పుట్టినప్పటి లెక్క. ఆర్నెల్లుగా కిందున్న చెయ్యి ఒక్క గంగాధరందే.

"ఇప్పుడు అమ్మాయి సంగతి రాయి," అన్నాడు గంగాధరం. హుషారుగా ఉన్నాడు. "చెంచయ్య కూతురు దుర్గ రెండేళ్లు చదువుకుని ఊరికి తిరిగి రావాల. వచ్చినాక... ఏం చేస్తావమ్మే?"

"ఏటి నీళ్లు చూస్తా మామా. చేపలకి, పీతలకి వచ్చే జబ్బులు చూస్తా."

"రాసుకో. ఏటి నీళ్లు చూసే పని ఆమెదే. ఒడ్డున పాత ఐసు గది ఊరికే పడుంది కదా, ఆ గది ఆమెకి. రాసినావా?"

"రాసినా."

"చాలదబ్బా. గట్టిగా ఉండాల. ఆ వినోదో ఎవరో గట్టిగా ఉండాలన్నాడని అమ్మాయి చెప్పింది." గంగాధరం చుట్టూ చూశాడు. కొందరు నవ్వుతున్నారు. అల్లుడు కొట్టం స్తంభానికి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. "నీళ్లు చెడ్డాయని ఆమె చెప్తే హేచరీ గొట్టం మూసేదానికి ఊరు కట్టుబడి ఉంటాదని కూడా రాయి."

హజరత్తయ్య పెన్ను ఎత్తాడు. "కాపా, ఇది దురాయి పుస్తకం."

"అయితే?"

"ఉత్తరం వేరే కాగితం మీద రాస్తే..."

"పుస్తకంలోదే కావాలంట తెల్లోళ్లకి. రాయవయ్యా! వాళ్లు చదివేదానికేగా."

కొట్టంలో నవ్వులు లేచాయి. హజరత్తయ్య నవ్వలేదు. కళ్లద్దాలు పైకి తోసుకుని గుడి మెట్ల వైపు చూశాడు. దుర్గ ఆయన చూపుని తప్పించుకోలేదు. ఆ ముసలాయన నెమ్మదిగా, ప్రతి అక్షరం విడివిడిగా, గొట్టం మాట కూడా రాశాడు. గంగాధరం సంతకం, సీలు, పదకొండు మంది కాపుల వేలిముద్రలు.

"ఆఫీసరు ఎవరికి ఫోన్ చేస్తాడో ఏమో," అంది దుర్గ అప్పుడు. "ఎవరు ఎత్తినా ఒకే మాట చెప్పాలంట."

"అదెంత పని! డప్పు కొట్టించండి," అన్నాడు పెద్దకాపు.

ఆ పూటే పాలెం మూడు వీధుల్లోనూ డప్పు తిరిగింది. దుర్గ చదువుకుని తిరిగొస్తాది, ఏటి నీళ్లు చూస్తాది, ఆమె చెడ్డవంటే గొట్టం మూస్తారు, ఇది దురాయి, అని. పిల్లలు డప్పు వెనకాల పరిగెత్తారు. హేచరీ అల్లుడు అప్పుడు ఫోన్లోంచి తలెత్తాడు. కానీ మామ వీపు తడుతూ నవ్వుతున్నాడు కాబట్టి వాడూ నవ్వాడు.

చెంచయ్య మర్నాడు చీకటితో లేచి ఒడ్డుకి పోయాడు. ట్రాక్టరు ఆయన పడవ ముందు ఆగింది. తాడు బిగించారు. ఇసక పట్టుకుని వదల్లేదు. ఆరుగురు కలిసి తొవ్వి లాగితే మూలుగుతూ బయటికొచ్చింది. అడుగున రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. చెంచయ్య ఎవరికీ దండం పెట్టలేదు. అడుగంతా చేత్తో తడిమి, "కారుతుంది. సందులకి రెండు రోజులు పట్టేయాల," అన్నాడంతే.

కాగితాలు ఇంగ్లీషులోకి మార్పించి వినోద్ పంపించాడు. "ఇంత గట్టి తీర్మానం నేను చూళ్లేదు. ఎట్ట రాయించినావు?" అన్నాడు. "వాళ్లే రాసిచ్చినారన్నా," అంది దుర్గ. అదీ నిజమే.

ఫోన్ తొమ్మిదో రోజు పొద్దున వచ్చింది.

ఒడ్డున చేపల వేలం పాట జరుగుతోంది. పడవలొచ్చాయి. సావళ్ల చేపలు గుట్టలుగా పోసి ఉన్నాయి, వెండి పట్టీల మాదిరి. పాట పాడేవాడు రేటు అరుస్తున్నాడు, ఆడోళ్లు గంపల మీద కూర్చుని వాడి మీద అరుస్తున్నారు. గంగాధరం ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. ఫోన్ మోగితే కళ్లకి దూరంగా పెట్టి చూసుకుని, పెద్ద నంబరని గుర్తుపట్టి, చెయ్యెత్తి పాట ఆపించాడు. చెవి వినపడదు కాబట్టి స్పీకరు పెట్టాడు. ఒడ్డంతా గమ్మునైపోయింది.

అవతల ఒక మగ గొంతు ఇంగ్లీషులో ఏదో అంది. వెంటనే ఒక ఆడ గొంతు దాన్ని తెలుగులో, పుస్తకం చదివినట్టు చెప్పింది. "మీరు గ్రామ పెద్ద గంగాధరం గారేనా? దుర్గ గారి గురించి కొన్ని ప్రశ్నలు."

"నేనే. అడగండి."

"ఈ తీర్మానం మీ గ్రామం చేసిందేనా?"

"మా దురాయి. నేను చెప్పిందే."

"చదువు పూర్తయ్యాక ఆమె తిరిగి వస్తారని మీరెందుకు అనుకుంటున్నారు?"

గంగాధరం గొంతు సవరించుకుని చుట్టూ చూశాడు. అరవై మంది ఆయన్నే చూస్తున్నారు. అట్లా చూస్తే ఆయన గొంతు పెరుగుతుంది, ఎప్పుడూ అంతే. "ఊరు రమ్మంది కాబట్టి వస్తాది. పని ఇచ్చినాం, గది ఇచ్చినాం."

"హేచరీ గొట్టం గురించి ఇక్కడ రాసి ఉంది. ఆమె చెబితే మూసేస్తారా?"

అక్కడ ఒక్క ఊపిరి ఆగాడు. అల్లుడు జనంలోంచి ముందుకొచ్చి చెయ్యి అడ్డంగా ఊపాడు. గంగాధరం వాణ్ని చూశాడు, చూసి విసుక్కున్నాడు. నువ్వు నాకు చెప్పేదేందన్నట్టు.

"మూస్తాం."

"ఇది మీరు ఆమె వీసా కోసం మాత్రమే రాసిన మాటా?"

"ఎవరన్నారు!" గంగాధరం కుర్చీలోంచి లేచాడు. "గంగమ్మ సాక్షి. మా పాలెంలో దురాయి తప్పినోడు బతికి బట్టకట్టలా. నేను తప్పినా అంతే."

ఆడ గొంతు అదంతా ఇంగ్లీషులో చెప్పింది. మగ గొంతు థాంక్యూ అంది. ఫోన్ ఆగిపోయింది.

పాట మళ్లీ మొదలుకాలేదు. గంపల మధ్యలోంచి వెంకటశేషమ్మ లేచింది. డెబ్బై ఏళ్ల ముసలిది, ఏటి పీతలమ్ముకుని బతికింది, ఆర్నెల్లు దాటి అవీ లేక ఎవరో ఇచ్చిన చేపలకి పొలుసు గీకి బతుకుతోంది. చీర కొంగు నడుముకి దోపుకుంది.

"విన్నాం కాపా," అంది. "అందరం విన్నాం."

గంగాధరం ఫోన్ జేబులో పెట్టుకోబోయి, జేబు దొరక్క తడుముకున్నాడు.

నాలుగో రోజుకి వీసా వచ్చింది. ఆ సాయంత్రమే గంగాధరం చెంచయ్య వాకిట్లోకి వచ్చాడు. ఒక్కడే. చేతిలో అరటిపండ్ల అత్తం ఉంది. కామాక్షమ్మ స్టూలు వేసింది. ఆయన కూర్చోలేదు.

"సంతోషమమ్మే. పోయి అక్కడే నిలదొక్కుకో. మంచి పిల్లోణ్ని చూసుకో. ఈ ఇసకలో ఏముంది నీకు?"

"రెండేళ్లకి వచ్చేస్తా మామా."

"అది కాగితం మాట కదా."

"నువ్వు ఫోన్లో చెప్పినావే."

"తెల్లోడికి చెప్పినా!"

"నేనూ అక్కడే ఉన్నా. వినపడింది."

గంగాధరం మెడ మీద నరం లేచింది. ఆ రోజు గేటు దగ్గర తల వంచుకుని నిలబడ్డ పిల్ల ఈ పిల్ల కాదని అప్పటికి తెలిసింది. "రానన్నావు కదే నాతో!"

"అన్లేదు. గుర్తు తెచ్చుకో."

ఆయన గుర్తు తెచ్చుకున్నాడు. ఒక్క మాట కూడా దొరకలేదు. నవ్వింది తను, చెప్పింది తను, రాయించింది తను, డప్పు కొట్టించింది తను.

"సరే," అన్నాడు, గొంతు దించి. "ఆ గొట్టం మాట వరకు తీసేద్దాం. రేపు ఊరు కూడితే పోతాది. చెంచయ్యా, నువ్వు చెయ్యెత్తితే చాలు, మిగతావోళ్లని నేను చూసుకుంటా. అమ్మాయి ఎట్టా పోతా ఉంది. మనం మనం ఒకటి."

చెంచయ్య వాకిట్లో కూర్చుని వల అల్లుతున్నాడు. ఈసారి విప్పడానికి కాదు, రేపు తీసుకుపోవడానికి. కాలి బొటనవేలికి దారం తగిలించి, కండె దూర్చి, ముడి బిగించి లాగాడు. తలెత్తలేదు.

"చేతులు ఖాళీ లేవు గంగాధరం," అన్నాడు.

కాపా అనలేదు. ఆ పాలెంలో ముప్పయ్యేళ్లుగా ఆ మనిషిని పేరు పెట్టి ఎవరూ పిలవలేదు. గంగాధరం అరటిపండ్లు స్టూలు మీద పెట్టాలో, వెనక్కి తీసుకుపోవాలో తేల్చుకోలేక, తీసుకునే పోయాడు.

దుర్గ ఒళ్లంతా వెచ్చగా ఉంది, జ్వరం వచ్చినట్టు. ఆర్నెల్ల నుంచి పళ్ల మధ్య నొక్కిపెట్టిన నవ్వు ఇప్పుడు నవ్వొచ్చు. నవ్వబోయింది. అప్పుడే ఇంకో సంగతి తట్టింది. వినోద్ గదిలో కూర్చున్నప్పుడు, ఆ చల్ల గాలిలో, ఎక్కడో ఒక మూల ఆమెకీ అనిపించింది, రాకపోతే ఏమవుతుందని. ఎవరికీ చెప్పలేదు. ఆ దారి కూడా తనే మూసేసుకుంది, డప్పు కొట్టించి మరీ.

కామాక్షమ్మ సావళ్ల తలలు కోస్తోంది. కత్తిపీట మీద కాలు తియ్యకుండానే అడిగింది. "నిజంగా వస్తావా మే?"

"రాకపోతే వాడు గెలిచినట్టు కదమ్మా."

"అంటే వాడి కోసం వస్తావు. మా కోసం కాదు."

గేటు దగ్గర మౌనం పనికొచ్చింది గానీ, ఇక్కడ పనికి రాలేదు. దుర్గ అమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుని, గిన్నె దగ్గరికి లాక్కుని, తల తీసిన చేపల్ని కడగడం మొదలుపెట్టింది.

కామాక్షమ్మ ఇంకో రెండు చేపలు కోసింది. రక్తం చేతిని నీళ్లలో ముంచి, కూతురి వైపు చూసింది.

"పగకే రా," అంది. "వస్తే చాలు."